జాతకం కలిసింది గానీ కాపురం కుదర్లేదు: గ్రాఫ్ గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్ గారి దివ్యసముఖానికి,

విశాఖపట్నం, అక్కయ్యపాలెం నుంచి మీ పాత భక్తుడు నమస్కరించి రాసుకునేది ఏటంటే, ఇక్కడ మేమంతా క్షేమం, నా చెవులు తప్ప.

మీరు నాకు పరిచయమై రెండేళ్ళవుతోంది. అంతకుముందు నేను జగదాంబ దగ్గర ఫోన్ కవర్లు వేలాడదీసిన కొట్లో 300 పెట్టి ఇయర్‌ఫోన్స్ కొనుక్కునే మామూలు మనిషిని. "బేస్ అదిరిపోద్ది సార్" అనేవాడు కొట్టబ్బాయి. నిజంగానే అదిరేది, మూడు నెలలకి ఒక పక్క పోయేది, పిన్ను దగ్గర వైరు మెలిపెట్టి పట్టుకుంటే మళ్ళీ వచ్చేది, అలా మెడ వంచుకుని ఇంకో నెల లాగేసేవాణ్ణి. ఏ చింతా లేదు. అదిగో అప్పుడు మా ఫ్రెండొకడు "ఏటి బావా ఇంకా అవేనా, 2 వేల లోపు వైరు ఐఈఎమ్‌లు, అదే చెవి రంధ్రంలోకి దూర్చే ఇయర్‌ఫోన్లు, ఎలాంటివి వస్తున్నాయో తెలుసా, ముందు గ్రాఫ్ చూడు" అని ఫోన్లో మీ దర్శనం చేయించాడు.

ఎడమ చివర 20 హెర్ట్జ్ అంటే బాగా అడుగు స్వరం, కుడి చివర 20,000 అంటే బాగా పై స్వరం, ఏ స్వరం ఎంత గట్టిగా వినబడుతుందో చూపిస్తూ మధ్యలో గీతగా తమరు. చూడగానే నాకు బీచ్‌లో నిలబడి డాల్ఫిన్ నోస్ చూసినట్టే అనిపించింది, ఇటుపక్క చదునుగా సాగి సాగి 3 వేల హెర్ట్జ్ దగ్గర ఒక్కసారి కొండ లేచి అటువైపు దిగిపోవడం. ఆ కొండ ఎందుకో కూడా చదివాను. చెవి రంధ్రం తెరిచి ఉన్నప్పుడు అది గొట్టంలా పనిచేసి ఇంచుమించు ఆ 3 వేల దగ్గర శబ్దాన్ని తనే పెంచుతుందట, మనం రబ్బరు పెట్టి మూసేస్తే ఆ సహజమైన పెంపు పోతుంది కాబట్టి ఇయర్‌ఫోనే దాన్ని తెచ్చి ఇవ్వాలట. ఇది తెలిసిన రోజు నుంచి ఇంట్లో వాళ్ళతో కూడా హెర్ట్జుల్లోనే మాట్లాడ్డం మొదలెట్టాను.

తర్వాత తెలిసింది మీకో టార్గెట్ ఉంటుందని. హార్మన్ టార్గెట్, అంటే హార్మన్ అనే ఆడియో కంపెనీ వాళ్ళు ఎక్కువమందికి నచ్చేలా కట్టిన ఆదర్శ గీత. మీ గీత దాని గీతకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి సంబంధం అన్నమాట, 36కి 34 గుణాలు కలిసినట్టు. 2022లో మూన్‌డ్రాప్ చు, సెవెన్‌హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో లాంటి ఐఈఎమ్‌లు వచ్చాక 2 వేలకి అటూ ఇటూగా కూడా టార్గెట్‌కి దగ్గరగా ఉండే సంబంధాలు దొరకడం మొదలైంది, ఇంక నాలాంటోడు ఆగుతాడా. జాతకాలు చూస్తూ కూర్చున్నాను. పొద్దున్న లేస్తే గ్రాఫులు, రాత్రి పడుకుంటే గ్రాఫులు. ఒక్క పాటా వినలేదండీ ఆ నెల.

చివరికి గీత మీద గీత పెడితే వెంట్రుకవాసి తేడా లేని ఒక జతని (పేరు చెప్పను, దాని తప్పేం లేదు) తెప్పించాను. మూడు రోజులు "అబ్బ ఎంత డీటెయిల్" అని నన్ను నేను నమ్మించుకున్నాను. నాలుగో రోజు నిజం ఒప్పుకున్నాను, గాయని నోట్లోంచి "స", "శ" వచ్చినప్పుడల్లా వేడెక్కిన ఇస్త్రీ పెట్టె మీద నీళ్ళు చల్లినట్టు చుయ్‌మని చెవిలో కాలుతోంది, బేస్ చూద్దామంటే అడ్రస్ లేదు. దాన్ని డబ్బాలో పెట్టి రెండోది. అది వి షేప్ అట, అడుగూ పైనా పెంచి మధ్యలో తగ్గించింది. దాన్ని పెట్టుకుని మద్దిలపాలెంలో బస్సెక్కితే ఓహో ఇదీ సంగీతమంటే అనిపించింది, అదే జత అదే పాట రాత్రి గదిలో పెడితే పక్కింట్లో పెళ్ళి డీజే గోడలోంచి వినబడుతున్నట్టుంది. అప్పుడు బుర్ర వెలిగింది. బస్సు ఇంజను గుర్రుమనే శబ్దమంతా అడుగు స్వరాల్లోనే కదా ఉండేది, అది పాటలో బేస్‌ని మింగేస్తుంది, అందుకని బస్సులో ఎంత ఎక్కువ బేసైనా సరిపోయినట్టే ఉంటుంది. ఎన్‌ఏడీ జంక్షన్‌లో బస్సులో నచ్చింది అక్కయ్యపాలెంలో ఇంట్లో నచ్చదని తమరు ఏ గీతలోనైనా చెప్పారా?

మీ టార్గెట్ కట్టిన పెద్దలే హెడ్‌ఫోన్ల మీద చేసిన పరిశోధనలో ఒక మాట బయటపెట్టారు. విన్నవాళ్ళలో 64 శాతం మందికి ఆ టార్గెట్ నచ్చింది, 15 శాతం మందికి ఇంకా బేస్ కావాలి, 21 శాతం మందికి టార్గెట్ కన్నా తక్కువ బేస్ కావాలి. అంటే ప్రతి ముగ్గుర్లో ఒకరు మీకు విడాకులిచ్చినట్టే. ఆ ముక్క ఎవడూ నాకు చెప్పలేదు. సంబంధం చూసేటప్పుడు పిల్ల జాతకమే తిరగేస్తారు గానీ, పిల్లోడికి నిజంగా ఏం నచ్చుతుందో వాణ్ణి ఎవరూ అడగరు, ఇదీ అంతే.

నా జాతకం తేల్చింది మా అమ్మ. ఒకరోజు ప్రవచనం వింటానంటే వి షేప్ జత ఇచ్చాను. రెండు నిమిషాలకే పీకేసి "ఏటిరా ఇది, ఆయన బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టున్నారు" అంది. మొదటి జత ఇస్తే "ఇది బాగుంది, గొంతు గొంతులా ఉంది" అని కొంగున ముడేసుకున్నట్టు పట్టుకుపోయింది. ఇప్పటికీ తిరిగివ్వలేదు. అప్పుడాలోచించాను, నేనసలు వినేది ఏటి? తాతగారి క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు, ఘంటసాల పాత పాటలు, అప్పుడప్పుడు బస్సులో కొత్త సినిమా పాటలు. ఫిడేలు అడుగు తీగ ఎంత కిందకి శ్రుతి చేసినా 100 హెర్ట్జ్ దాటి కిందకి దిగదు, మరి 40 హెర్ట్జ్ దగ్గర నాకు ఊపెందుకు? ఉన్నదంతా మధ్యలోనే ఉంటే, మధ్యలో గొయ్యి తీసిన జతని కొన్నాను నేను.

ఇంకో సంగతి మీరు దాచారు, ఇందుకు మాత్రం నాకు నిజంగానే కోపం. మిమ్మల్ని గీసేది మనిషి చెవి కాదు, 711 కప్లర్ అని ఒక లోహపు గొట్టం. 8 వేల దగ్గర మీలో కనబడే ముల్లు చాలాసార్లు ఆ గొట్టానిదే, ఇయర్‌ఫోన్ ఎంత లోపలికి దూర్చారన్నదాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతుంది. ఆ గొట్టంలో రబ్బరు చక్కగా బిగుసుకుంటుంది, నా చెవిలో బిగుసుకోదు. డబ్బాలో చిన్న ప్లాస్టిక్ కవర్లో మూడు సైజుల రబ్బర్లు ఇస్తారు చూడండి, మనమంతా ఎం సైజు తగిలించి మిగతావి సొరుగులో పడేస్తాం, నేనూ అంతే. మొన్న వర్షం రోజు కరెంటు పోతే ఏం తోచక నా దగ్గర మిగిలిన రెండో జత కవరు విప్పి, ఎడమ చెవికి ఎల్ తగిలించి, చెవి పైభాగం వెనక్కి లాగి కొంచెం తిప్పుతూ దూర్చాను. బయట వాన చప్పుడు సగానికి తగ్గింది. పాట పెట్టగానే అడుగు నుంచి బేస్ మెల్లిగా పైకొచ్చింది. ఇన్నాళ్ళూ ఎడమ పక్కన సందులోంచి గాలితో పాటు కారిపోయింది ఇదే. మొదటి జతలో బేస్ లేదని తిట్టాను కదా, అది ఇప్పుడు అమ్మ దగ్గరుంది, అడగడానికి మొహం చెల్లడం లేదు.

ఈ రెండో జతలోనూ పైన మిగిలిన చుయ్‌మనే శబ్దానికి ఫోన్లో ఈక్వలైజర్ (ఏ స్వరం ఎంత గట్టిగా ఉండాలో సరిచేసుకునేది) తెరిచి 8 వేల దగ్గర మూడు డెసిబెల్స్ కిందకి లాగాను. ఖర్చు సున్నా. రెండు జతలకీ నాలుగు వేల దాకా తగలేశాక తెలిసిన సున్నా అది.

కాబట్టి తమరికి మనవి ఏటంటే, ఇకమీదట దర్శనమిచ్చేటప్పుడు మీ కొండ కింద చిన్న అక్షరాలతోనైనా "ఈ గీత నీ చెవిది కాదు" అని వేయించుకోండి. వీలైతే సముద్రం పక్క ఊళ్ళ వాళ్ళకి ఇంకో గీత కూడా పెట్టండి, ఊడదీసే వైరు పిన్నులకి ఎన్నాళ్ళకి పచ్చటి చిలుము పడుతుందో చూపించేది. నా దాన్ని నిన్ననే ఊడదీసి తుడిచాను, గుడ్డకి ఇత్తడి చెంబు తోమినట్టు రంగంటింది.

ఇట్లు,
తమ విధేయుడు,
కుడి చెవి ఎం, ఎడమ చెవి ఎల్.