సవరణ: భావ ప్రకటనా స్వేచ్ఛ హద్దుల గురించి

ఐక్యరాజ్యసమితి 1948లో ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన భావ ప్రకటనా స్వేచ్ఛకు ఏ హద్దూ పెట్టలేదని, హద్దులన్నీ తరువాత ప్రభుత్వాలు కల్పించుకున్నవేనని రచయితల స్వేచ్ఛపై ఇదివరకటి వ్యాసంలో రాశాను. అది పొరపాటు. భావ ప్రకటనా స్వేచ్ఛను హక్కుగా చెప్పే 19వ అధికరణాన్ని మాత్రమే చూసి ఆ మాట అన్నాను. అదే ప్రకటనలోని 29వ అధికరణం, ఇతరుల హక్కులకు తగిన గౌరవం దక్కడానికీ, ప్రజాస్వామ్య సమాజంలో నైతికత, శాంతిభద్రతలు, అందరి సంక్షేమం నిలవడానికీ మాత్రమే చట్టం ద్వారా పరిమితులు విధించవచ్చని చెబుతోంది. ఇందులోని ‘మాత్రమే’ అన్న పదాన్ని పాఠకులు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను.

పరిమితి పెట్టదగిన మాటకూ, పెట్టకూడని మాటకూ ఉన్న తేడాను ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లోనే స్పష్టంగా చూపాడు. ధాన్యం వ్యాపారులు పేదల కడుపు కొడుతున్నారన్న అభిప్రాయం పత్రికలో వస్తే దాని జోలికి పోకూడదు. అదే మాటను వ్యాపారి ఇంటి ముందు ఆవేశంతో గుమిగూడిన జనానికి చెబితే శిక్షించవచ్చు. మాట ఒకటే, అది ఎవరి చెవిన, ఏ క్షణంలో పడుతున్నదన్నదే తేడా.

సాహిత్యం గురించిన నా వాదనను మాత్రం వెనక్కు తీసుకోవడం లేదు. నవలలో హంతకుడు తన హత్యను పేజీల కొద్దీ సమర్థించుకున్నా, ఆ మాటలు పాత్రవి. పుస్తకం మూసేసే వీలున్న ఒంటరి పాఠకుణ్ణి ఆ గుంపుతో సమానం చేయడం అన్యాయం. అయితే బతికున్న మనిషిపై అబద్ధాన్ని, పేరు మార్చి ఊరూ వృత్తీ అలాగే ఉంచి కథగా రాసినప్పుడు, ‘ఇది కల్పన’ అన్న ఒక్క వాక్యం రచయితను బాధ్యత నుంచి తప్పించదు. మొదటి వ్యాసంలో ఈ సంగతి ప్రస్తావించి ఉండవలసింది.