సూదులా, గింజలా? ముందు అది అడగండి

తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ప్రోస్టేట్ క్యాన్సర్‌కు లోపల కరెంటు పెట్టించుకున్న మనిషి దగ్గరికి ఏడాది దాకా పిల్లల్ని పోనివ్వకండి. కంచం, బాత్రూమ్ వేరు చేయండి. వైద్యం మాత్రం పుత్తూరు కట్టు లాంటిది. ఏ స్టేజీకైనా ఒక్కరోజులో నయం, సైడ్ ఎఫెక్టులు సున్నా."

ఇది చదివే మా బాబాయి కోడలు మూడేళ్ల పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి పోయింది. బాబాయి వేలూరులో ఈ వైద్యం చేయించుకుని వచ్చేసరికి వరండాలో వాడి మూడు చక్రాల సైకిల్ ఒక్కటే ఉంది.

ముందు ఆ 'ఏడాది' సంగతి. ఈ 'లోపల కరెంటు' అసలు పేరు బ్రాకీథెరపీ, అంటే రేడియేషన్‌ను ప్రోస్టేట్ లోపలినుంచే ఇవ్వడం. ఇందులో రెండు రకాలున్నాయి. బాబాయికి చేసింది తాత్కాలికం. మత్తిచ్చి, వృషణాలకూ మలద్వారానికీ మధ్య నుంచి ప్రోస్టేట్‌లోకి సన్నటి సూదులు దించుతారు. మెషీన్‌లోంచి తీగ చివరనున్న, రేడియేషన్ చిమ్మే ఇరిడియం-192 ముక్క ఒక్కో సూదిలోకి వెళ్లి, లెక్క ప్రకారం కాసేపు ఆగి, మళ్లీ మెషీన్‌లోకే పోతుంది. తర్వాత సూదులు లాగేస్తారు. ఇల్లు చేరిన మనిషి ఒంట్లో రేడియేషన్ అనేదే ఉండదు. నొప్పి ఓర్చుకోగలిగితే మనవణ్ణి ఆ సాయంత్రమే ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

రెండోది శాశ్వతం. అయోడిన్-125 నింపిన, బియ్యపుగింజంత టైటానియం గొట్టాలు పదులకొద్దీ లోపలే ఉండిపోతాయి. మెసేజ్ రాసినాయన దీని గురించే ఎక్కడో సగం విన్నట్టుంది. ఇక్కడ జాగ్రత్త అవసరమే, ఏడాది మాత్రం కాదు. వాటి శక్తి సుమారు 60 రోజులకోసారి సగమవుతుంది. పది నెలలకు మిగిలేది 3 శాతం. కిరణాలు కూడా బలహీనమైనవి, చాలావరకు ఒంట్లోనే ఆగిపోతాయి. అందుకే మొదటి రెండు నెలలు పసిపిల్లల్ని ఎక్కువసేపు ఒళ్లో పెట్టుకోవద్దని, గర్భిణులు ఆనుకుని కూర్చోవద్దని డాక్టర్లు సాధారణంగా చెబుతారు.

కంచం, బాత్రూమ్? గొట్టం సీలు వేసి ఉంటుంది. ఎంగిలిలోకీ చెమటలోకీ ఏమీ రాదు. ఎప్పుడైనా ఒక గింజ మూత్రంలో పడితే చేత్తో ముట్టకుండా చెంచాతో తీసి ఆసుపత్రికి చెప్పాలి, అంతే.

ఇక పుత్తూరు కట్టు. కట్టు కట్టించుకున్నోడు కూడా మర్నాడే పరుగెత్తడు కదా! ఈ వైద్యం ప్రోస్టేట్ దాటని క్యాన్సర్‌కు బాగా పనిచేస్తుంది. ముదిరే లక్షణాలుంటే బయటి రేడియేషన్ కూడా కలుపుతారు. ఎముకలకు పాకితే ఇదొక్కటే చాలదు. పీఎస్ఏ (ఈ జబ్బు ఎలా ఉందో రక్తపరీక్షలో చూసే అంకె) కూడా నెలల మీద మెల్లగా తగ్గుతుంది. మధ్యలో కాస్త పెరిగి మళ్లీ దిగడమూ ఉంది.

సైడ్ ఎఫెక్టులు సున్నానా? మూత్రంలో మంట, మాటిమాటికీ రావడం, ఒక్కోసారి మూత్రం బిగుసుకుపోయి బయటికి తీయడానికి గొట్టం వేయాల్సి రావడం, కొందరికి తర్వాత అంగస్తంభన సమస్య. బాబాయి రాత్రికి ఐదుసార్లు లేస్తున్నాడు. సున్నా అని రాసినాయన ఆ ఇంట్లో ఒక రాత్రి పడుకుని చూడాలి.