విండోస్‌లో హై-రెజ్ పలకదన్న మాట నిజం కాదు

పాత కచేరీలు పంచుకునే మా విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సీడీని మించిన నాణ్యత ఉన్న పాటల గురించి, అంటే హై-రెజ్ గురించి, అందులో ఉన్నది ఇదీ: "విండోస్ ఫ్లాక్ ఫైళ్లు తెరవదు. ఏ పాట పెట్టినా 48 కిలోహెర్ట్జ్‌కి దించేస్తుంది. మంచి డాక్ (అంకెల్ని శబ్దంగా మార్చే చిన్న పెట్టె) తగిలించినా గుర్తుపట్టదు, మాక్ కొనాల్సిందే. ఉన్న ఎంపీ3లను 192 కిలోహెర్ట్జ్‌కి మార్చుకుంటే నాదం విచ్చుకుంటుంది." ఇది నమ్మి, గంటస్తంభం దగ్గరుండే ఒక రిటైర్డ్ వయొలిన్ మాష్టారు పెన్షన్ డబ్బు పెట్టి కొత్త కంప్యూటర్ కొనబోయారు. అది విన్నాక ఊరుకోలేకపోయాను.

ఫ్లాక్ అంటే పాటలో ఏదీ పోకుండా కుదించి దాచే ఫైలు. దాని సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి అది మామూలుగానే పాడుతుంది. అంతకుముందు ఉచిత ప్లేయర్ ఒకటి వేసుకుంటే సరిపోయేది. మాక్‌లోని మ్యూజిక్ యాప్ అయితే ఫ్లాక్‌ని లైబ్రరీలోకి తీసుకోనే తీసుకోదు, ఆపిల్ సొంత ఫార్మాట్ అలాక్‌లోకి మార్చి ఇవ్వాలి. మెసేజ్ రాసినవారు ఆ ముక్క చెప్పలేదు.

48కి దించేస్తుందన్న దాంట్లో సగం నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. ఇక్కడ 48 కిలోహెర్ట్జ్ అంటే శబ్దాన్ని సెకనుకి 48 వేల సార్లు కొలిచే రేటు. పాట, బ్రౌజర్‌లో వీడియో, మెసేజ్ వచ్చిన చప్పుడు, అన్నిటినీ విండోస్ ఒకే ధారగా కలిపి పంపుతుంది. కలపాలంటే అన్నీ ఒకే రేటులో ఉండాలి. చాలా కంప్యూటర్లలో ఆ రేటు 48 దగ్గర పెట్టి ఉంటుంది. అది మనం మార్చుకోగలిగిన సెట్టింగ్. మాక్‌లోనూ ఈ కలపడం ఉంది, అక్కడ ఆడియో మిడి సెటప్‌లోకి వెళ్లి రేటు పెట్టుకుంటాం. లినక్స్‌లో ఈ కలిపే పని చేసే పైప్‌వైర్ కూడా మొదట 48తోనే నడుస్తుంది.

మాష్టారి ఇంట్లో జరిగింది చెబుతాను. శిష్యురాలి కచేరీని 24 బిట్ (ఒక్కో కొలతని ఎంత సన్నగా రాస్తారన్నది), 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయించుకున్నారు. అబ్బాయి పంపిన డాక్ కంప్యూటర్‌కి తగిలించి ఉంది. పాట నడుస్తుంటే దాని బుల్లి తెర మీద 48 అనే పడుతోంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ డాక్ మీద నొక్కి, ఫార్మాట్ దగ్గర 24 బిట్, 96000 ఎంచుకున్నాను. అంకె 96కి మారింది. మాష్టారు కళ్లజోడు పైకి తోసుకుని వంగి చూశారు. "ఏటి బాబూ, ఇన్నాళ్లూ ఈ పెట్టెలోనే ఉందా ఇది?" అన్నారు. ఉంది మాష్టారూ, ఎవరూ చూపించలేదంతే.

పాట పాటకీ రేటు మార్చడం విసుగనుకుంటే ఫూబార్ 2000 లాంటి ప్లేయర్‌లో ఎక్స్‌క్లూజివ్ అవుట్‌పుట్ పెట్టుకోండి. చప్పుళ్లన్నిటినీ కలిపే మిక్సర్ పక్కకి తప్పుకుంటుంది, ఫైలు ఏ రేటులో ఉంటే ఆ రేటులోనే డాక్‌కి చేరుతుంది. ఆ కాసేపు మిగతా చప్పుళ్లు వినపడవు. కచేరీ వినేటప్పుడు అది మేలే కదా. ఈ సదుపాయం 2007 నాటి విస్టా నుంచీ ఉంది.

డాక్‌ని గుర్తుపట్టదన్నది ఒకప్పటి మాట. 96 దాటి పలికే చాలా డాక్‌లకు యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అనే ప్రమాణం కావాలి. మాక్‌లో అది 2010 నుంచే ఉంది. విండోస్‌లో 2017 దాకా లేదు, డాక్ చేసినవాళ్లిచ్చే డ్రైవర్ విడిగా వేసుకోవాల్సి వచ్చేది. ఆ ఏడాది వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో ఆ తేడా తీరిపోయింది, మెసేజ్ మాత్రం అక్కడే ఆగిపోయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఎంపీ3 ముక్క. ఎంపీ3 చేసేటప్పుడు సైజు తగ్గించడానికి తీసేసింది తీసేసినట్టే, ఏ మార్పిడీ దాన్ని తిరిగి తేలేదు. 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్ల) ఎంపీ3ని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో చూపే స్పెక్ట్రోగ్రామ్ చూడండి, సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ పైన (ఇక్కడ ఇది శబ్దం ఎత్తు, కొలిచే రేటు కాదు) ఖాళీగా కనిపిస్తుంది. 192కి మార్చాక చూసినా అదే ఖాళీ. 5 నిమిషాల పాట 5 ఎంబీ లోపు ఉన్నది, కుదించని 24 బిట్ వేవ్ ఫైలుగా మారి 345 ఎంబీ అవుతుంది, అంతే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పిన ఊరు మనది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్లో ఇలాంటి ఫైళ్లను 'అసలు నాదం' అని పంచుకోవడం చూస్తుంటే మనసొప్పడం లేదు.

మాష్టారు కంప్యూటర్ కొనడం మానుకున్నారు. ఆయన బీరువాలో ఇంకా బోలెడు కచేరీ క్యాసెట్లున్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి హెడ్ అరగని డెక్ ఒకటి కావాలి. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్లి, పని కాగానే భద్రంగా తెచ్చిస్తాను.