2067 దాకా ఓపిక పట్టలేరా?

పాత గ్రామఫోన్ రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ల ఆగడాలు మితిమీరిపోతున్నాయి. అటక మీంచి రికార్డు దింపుతారు, మెత్తటి బ్రష్షుతో గాడుల్లో దుమ్ము దులుపుతారు, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతరకందైతే దానికి తగ్గ వెడల్పాటి ముల్లు వెతికి మరీ బిగిస్తారు. పాట పూర్తయ్యేదాకా కుర్చీ కూడా కిర్రుమననివ్వరు. ఏ తప్పూ చేయనివాడికి ఇంత శ్రద్ధ ఎందుకండీ?

ఇలాంటివాళ్లను అదుపులో పెట్టడంలో అమెరికాకు ఉన్న ముందుచూపు మెచ్చుకోదగ్గది. 1972 ఫిబ్రవరి 15కు ముందరి రికార్డింగులు అక్కడ చాలాకాలం కేంద్ర కాపీరైట్ చట్టం కిందికే రాలేదు. ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిది. 2018లో మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టంతో లెక్క తేల్చారు. 1923కు ముందు విడుదలైనవి 2022 జనవరి 1న అందరి సొత్తయ్యాయి. 1957 నుంచి వచ్చినవాటికి మాత్రం 2067 ఫిబ్రవరి 15 దాకా రక్షణ ఉంది. అంటే 1957లో ఇరవై ఏళ్ల వయసులో పాడిన గాయకుడికి అప్పటికి 130 నిండుతాయి. ఆ వయసులో ఆమాత్రం ప్రోత్సాహం లేకపోతే కొత్త పాట ఎలా పాడతాడు?

'ఫెయిర్ యూజ్ ఉంది కదా, అనుమతి లేకుండానే న్యాయంగా వాడుకునే వెసులుబాటు' అని కొందరు లా పాయింటు తీస్తారు. ఉంది, ఎవరు కాదన్నారు? ఎందుకు వాడారు, వాడింది ఎలాంటిది, ఎంత తీసుకున్నారు, హక్కుదారు మార్కెట్ ఎంత దెబ్బతింది అని నాలుగూ తూచి చూస్తారు. తూచేది జడ్జిగారు, అదీ దావా పడ్డాక. 'కంపెనీ ఆ రికార్డు అమ్మడం ఎప్పుడో మానేసింది, ఇక దెబ్బతినడానికి మార్కెట్ ఎక్కడుంది' అనడం తెలివితక్కువతనం. అమ్మని సరుక్కే కాపలా ఎక్కువ కావాలి.

బ్రిటన్ ఒకసారి కాలు జారింది. కొనుక్కున్న పాటను సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చని 2014 అక్టోబరులో అనుమతిచ్చింది. సంగీత పరిశ్రమ కోర్టుకెక్కింది, 2015 జులైలో హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. మధ్యలో ఆ కొన్ని నెలలూ అక్కడి జనం తమకు తెలియకుండానే నిర్దోషులుగా బతికేశారు.

గ్రంథాలయాల మీద మాత్రం అమెరికా చట్టానికి కాస్త జాలి. రికార్డు పాడైపోతూ, సరైన ధరకు కొత్తది దొరక్కపోతే మూడు కాపీల దాకా తీసుకోవచ్చు. డిజిటల్ కాపీ మాత్రం గడప దాటకూడదు. క్షణంలో ప్రపంచం చుట్టి రాగల ఫైలు కదలకుండా కూర్చుంటుంది, వినాలనుకున్న మనిషే బస్సెక్కాలి. ఒంటికి మంచిది.

వచ్చిన చిక్కల్లా, రికార్డులు చట్టం చదవవు. స్టూడియోల్లో, రేడియో కేంద్రాల్లో అప్పటికప్పుడు కోసిన ల్యాకర్ డిస్కులనే చూడండి. అల్యూమినియం రేకు మీద నైట్రోసెల్యులోజ్ పూత, అది మెత్తగా ఉండటానికి ఆముదం. ఏళ్లు గడిచేకొద్దీ ఆముదం విడిపోయి పైకి తెల్లటి పొడిలా తేలుతుంది. పూత బిగుసుకుని, పగిలి, పొలుసులుగా రాలుతుంది. పాట ఉండేది ఆ పూతలోనే, రేకు మీద గీత కూడా ఉండదు.

మరి 2067లో గడువు తీరేది రేకుకా, పొలుసులకా? చట్టం ఈ సంగతి పట్టించుకోలేదు, వెంటనే సవరణ తేవాలి. అది తేలేదాకా రాలిన పొలుసుల్ని ఎవరూ ఊడ్చకపోవడమే క్షేమం. చేటలోకెత్తి బయట పారబోస్తే అది పంపిణీ కిందికి వస్తుందేమో, ఆ హక్కు కూడా కంపెనీదే.