సవరణ: 38 శాతం పడితే 38 శాతం పెరగడం చాలదు

2020 నాటి మార్కెట్ పతనం గురించి క్రిందటి వారం రాస్తూ, బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ షేర్ల సూచీ అయిన సెన్సెక్స్ 38 శాతం పడి, మళ్లీ 38 శాతం పెరగగానే పాత స్థాయికి చేరిందని అన్నాను. అది తప్పు. 2020 జనవరి 14న 41,952 వద్ద ముగిసిన సెన్సెక్స్, ఆ తర్వాత పడుతూ వచ్చి, మార్చి 23న ఒక్కరోజే 3,935 పాయింట్లు కోల్పోయి 25,981కి దిగింది. అక్కడి నుంచి పాత స్థాయిని అందుకోవాలంటే 61 శాతానికి పైగా పెరగాలి. నవంబరు 9న 42,597 వద్ద ముగిసినప్పుడు గానీ ఆ గీత దాటలేదు.

ఈ లెక్క తప్పడంతో నా రెండో మాట కూడా నిలవదు. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా ఒకే మొత్తం పెట్టే పద్ధతి) ఆపేసి, మార్కెట్ కోలుకున్నాక మళ్లీ మొదలుపెట్టినవారికి నష్టమేమీ లేదని రాశాను. ఫండ్‌లో ఒక్కో వాటా, అంటే యూనిట్ ధర 50 రూపాయలున్నప్పుడు 5,000 రూపాయలకు 100 యూనిట్లు వస్తే, ధర 31కి పడిన నెలలో అదే సొమ్ముకు 161 యూనిట్లు వస్తాయి; ధర తిరిగి 50కి చేరితే ఆ ఒక్క వాయిదా విలువే 8,000 దాటుతుంది. వాయిదాలు ఆపినవారు పోగొట్టుకున్నది ఇదే. అయితే ఉద్యోగం పోయి, ఇంటి అద్దెకే వెతుక్కోవలసి వచ్చి ఆపినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారు చేసింది సరైన పనే.

ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జీడీపీ 23.9 శాతం కుంగిందన్న అంచనా ఆగస్టు 31న వెలువడేనాటికే సూచీ మార్చి నాటి అడుగు నుంచి చాలా పైకి వచ్చేసింది. కాబట్టి ఆర్థిక వ్యవస్థ కుదుటపడ్డాకే కొనాలన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఏడాదిలోపు అవసరపడే డబ్బును షేర్లలో పెట్టవద్దన్న మాటలో మాత్రం మార్పు లేదు.