హోమ్‌లోన్ ఎలిజిబిలిటీ క్యాలిక్యులేటర్ గారికి ఒక్క జీతం ఇళ్ల విన్నపం

బ్యాంకు వెబ్‌సైట్లలో కూర్చుని ఇంటికి ఎంత అప్పు వస్తుందో చెప్పే మహారాజశ్రీ క్యాలిక్యులేటర్ గారి దివ్య సముఖానికి, హైదరాబాదులో ఒక్క జీతం మీద బతుకుతున్న ఇళ్లవాళ్లం నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. ఒకటో తారీఖున జీతం పడినన్నాళ్లూ క్షేమమే.

మీ ఉదారత ముందు మా బంధువులంతా దిగదుడుపే. సొంత మేనమామ ఐదు వేలు అప్పివ్వాలన్నా "ఎందుకురా, ఎప్పుడిస్తావు" అని రెండు ప్రశ్నలేస్తాడు. మీరు జీతమెంతో అడిగి, 57 లక్షలు పట్టుకెళ్లమంటారు.

ఆ లెక్క మాకూ తెలుసు లెండి. నెలకు చేతికి లక్ష వస్తుందనుకుందాం. బ్యాంకును బట్టి, జీతాన్ని బట్టి అందులో 40 నుంచి 60 శాతం దాకా వాయిదాలకు పోవచ్చంటారు. మీరు సగం దగ్గర ఆగారు, సంతోషం. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లలో తీర్చే ప్రతి లక్షకూ ఈఎంఐ 868 రూపాయలు. 50 వేలను 868తో భాగిస్తే 57.6. మీ సర్వజ్ఞత మొత్తం ఈ ఒక్క భాగహారమే.

భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంట్లోనూ మీరు సగమే కోస్తారు, మా ఇంట్లోనూ సగమే. అక్కడ ఒక ఉద్యోగం పోయినా రెండో జీతంతో కిందామీదా పడి ఈఎంఐ కట్టుకుంటారు. ఇక్కడ హైటెక్ సిటీలో ఏ హెచ్ఆరో పిలిచి "ఒక చిన్న మాట" అన్నారంటే, పై నెల ఐదో తారీఖుకల్లా ఖాతాలో డబ్బుల్లేక ఈఎంఐ బౌన్స్. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ తర్వాత, తాకట్టు ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. ఈ తేడా అడిగే గడి మీ దగ్గర లేదు.

మీ దగ్గరున్నది ఏళ్లు జరిపే గీత. దాన్ని 20 నుంచి 30కి లాగితే 57.6 కాస్తా 65 లక్షలవుతుంది, ఈఎంఐ మాత్రం అదే 50 వేలు. చూసినవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. అదనంగా చేతికొచ్చింది 7 లక్షల 40 వేలు. అదనంగా కట్టేది 120 నెలలు, నెలకు 50 వేలు, వెరసి 60 లక్షలు. ఆ సంఖ్య కూడా పక్కనే ఎర్రక్షరాల్లో వేస్తే మీ సొమ్మేం పోయింది? పైగా 38 ఏళ్ల ఉద్యోగికి ఆ 30 ఏళ్లు దొరకవు. జీతగాళ్లకు బ్యాంకులు సాధారణంగా 60 ఏళ్ల వయసు దాకానే చూస్తాయి, కాబట్టి మిగిలేది 22.

జీతం అన్న గడిలో మావాళ్లు సీటీసీని, అంటే కంపెనీ మా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చును, పన్నెండుతో భాగించి కొడతారు. అది మా తప్పే, ఒప్పుకుంటాం. సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే కలిసుంటాయి. బ్యాంకువాళ్లు చూసేది పేస్లిప్పులు, ఫారం 16, ఖాతాలో నెలనెలా పడ్డ జీతం. కారు ఈఎంఐ 12 వేలుంటే అర్హతలోంచి దాదాపు 13 లక్షల 80 వేలు ఎగిరిపోతాయి. క్రెడిట్ కార్డు మీద 80 వేల బాకీ ఉంటే, అందులో 5 శాతం నెలవారీ వాయిదాగా లెక్కగట్టే బ్యాంకులున్నాయి. అంటే ఇంకో నాలుగున్నర లక్షలు హుళక్కి. దరఖాస్తు పెట్టే ముందు వీటిని తీర్చమని ఒక్క ముక్క చెప్పరు.

"కో-అప్లికెంట్‌ను జోడించండి" అని బటన్ ఒకటి పెట్టారు. ఆదాయం లేని ఇల్లాలిని జోడిస్తే అర్హత పైసా పెరగదు. అప్పు తీర్చే పూచీ మాత్రం ఆవిడ నెత్తినా పడుతుంది. రిజిస్ట్రేషన్‌లో ఆవిడ పేరుంటే కొన్ని బ్యాంకులు వడ్డీలో 0.05 శాతం తగ్గిస్తాయి. 50 లక్షల మీద అది నెలకు సుమారు 160 రూపాయలు. ఒక నూనె ప్యాకెట్ అనుకోండి.

ఇక అసలు మోసం మౌనంలో ఉంది. బాచుపల్లి వైపు కడుతున్న ఫ్లాటు 80 లక్షలనుకుందాం. 30 నుంచి 75 లక్షల మధ్య అప్పుకు ఆస్తి విలువలో 80 శాతం మించకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. మన అర్హత 57.6 లక్షలు, కాబట్టి చేతినుంచి 22 లక్షల 40 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, 6 లక్షలు. కట్టడం పూర్తికాలేదు కాబట్టి జీఎస్టీ 5 శాతం, 4 లక్షలు. మొత్తం 32 లక్షల 40 వేలు. రిజిస్ట్రేషన్‌కయ్యే ఖర్చును బ్యాంకు ఆస్తి విలువలో కలపదు. కార్ పార్కింగు, క్లబ్ హౌస్, కార్పస్ ఫండ్, ఈస్ట్ ఫేసింగ్‌కు ఎక్స్‌ట్రా అని బిల్డరు పాడే పాట వేరే. తాళాలు చేతికొచ్చేదాకా ఉన్న ఇంటికి అద్దె, విడుదలైన అప్పు మేరకు వడ్డీ (దాని పేరు ప్రీ-ఈఎంఐ), రెండూ ఒక్క జీతంలోంచే.

వడ్డీ కూడా మీరు చూపినచోట నిలవదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. దాంతోపాటు ఇంటి అప్పు వడ్డీ కూడా. 6.75 శాతానికి 50 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 38,018. అదే 50 లక్షల మీద 9.25 శాతం చొప్పున నెల వడ్డీయే 38,542. ఈఎంఐ పెంచకపోతే అసలు తరగడం మాట అటుంచి, వడ్డీకే చాలదు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కలగజేసుకుని, వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలో గడువు పెంచాలో అప్పు తీసుకున్నవాళ్లనే అడగమంది.

మా లెక్క వేరే. ఒక్క జీతం ఇంటికి వాయిదాలన్నీ కలిపి చేతికొచ్చేదాంట్లో 35 శాతం దాటకూడదు. అంటే 35 వేలు, అప్పు సుమారు 40 లక్షలు. ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో ఉండాలి. అప్పుకు సరిపడా టర్మ్ పాలసీ (జీవిత బీమా) విడిగా తీసుకోవాలి. బ్యాంకు అంటగట్టే సింగిల్ ప్రీమియం పాలసీని అప్పులో కలిపితే దానికీ 20 ఏళ్లు వడ్డీ కట్టాలి. సంతకానికి ముందు ఆరు నెలలపాటు కాబోయే ఈఎంఐలోంచి ఇప్పటి అద్దె తీసేసి మిగతాది ఆర్‌డీ (నెలనెలా వేసే డిపాజిట్) కట్టి చూడాలి. నాలుగో నెలలో స్కూలు ఫీజు కోసం ఆర్‌డీ ఆగిపోయిందా, ఆ ఫ్లాటు మనది కాదు, ఇంకాస్త చిన్నది వెతుక్కోవాలి.

కాబట్టి "ఎంత ఇవ్వగలం" పక్కన "జీతం ఆగితే ఎన్ని నెలలు కట్టగలరు" అనే గడి ఒకటి పెట్టించండి.

ఇట్లు,
నిజాంపేటలో అద్దెకుంటున్న ఒక్క జీతం ఇళ్లు

తా.క.: జవాబు చూపించేముందు ఫోన్ నంబర్ అడగడం మానండి. 40 లక్షలు చాలన్నా వినకుండా, "సార్, మీకు 65 దాకా వస్తుంది" అని మీవాళ్లు ఫోన్ చేసి మధ్యాహ్నం నిద్రలో లేపుతున్నారు.