పంజాబీకి అడ్డుగోడ లిపి

సూఫీ కవి బాబా ఫరీద్ సమాధి పాకిస్థాన్‌లోని పాక్‌పట్టన్‌లో ఉంది. ఆయన పలుకులు సిక్కుల పవిత్ర గ్రంథం గురుగ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయి. అమృత్‌సర్‌లో వాటిని మన దేశంలో పంజాబీకి వాడే గురుముఖి లిపిలో చదువుతారు. అదే పుటను పాక్‌పట్టన్ దర్గాకు వచ్చిన వారి చేతిలో పెడితే చాలామందికి ఒక్క అక్షరమూ తెలియదు. చదివి వినిపిస్తే మాత్రం తమ భాషేనని పోల్చుకుంటారు.

పంజాబీ అంటే సిక్కుల భాష అనుకోవడం మన దగ్గర మామూలే. లెక్కలు వేరుగా ఉన్నాయి. 2011 జనగణనలో మన దేశంలో పంజాబీ మాట్లాడేవారు 3.31 కోట్లు. పాకిస్థాన్ 2023 జనగణనలో దాదాపు 8.9 కోట్లు, వారిలో అత్యధికులు ముస్లింలు. అక్కడి లిపి ఉర్దూ అక్షరాలతో రాసే షాహ్‌ముఖి. అదీ ఇంటి మాటకు దక్కిన లిపే తప్ప బడికి దక్కింది కాదు. ప్రాథమిక బడి తరతరాలుగా ఉర్దూ, ఇంగ్లీషులతోనే నడిచింది.

ఇటువైపూ రాజకీయం తక్కువేమీ కాదు. మనకు 1953లోనే భాష పేరిట రాష్ట్రం వచ్చింది. పంజాబీ రాష్ట్రం కోరికను 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తోసిపుచ్చింది. చివరికి 1966 నవంబరు 1న ఇచ్చారు. ఈలోగా ఇంట్లో పంజాబీ మాట్లాడే హిందువులు ఎందరో జనగణనలో హిందీ అని రాయించారు, సరిహద్దులు గీసినవారు 1961 నాటి ఆ లెక్కలనే ముందు పెట్టుకున్నారు.

ఇక లిపుల సంగతి. పంజాబీలో స్వరం హెచ్చుతగ్గులతో అర్థం మారుతుంది. మాట మొదట్లో 'ఘ' రాస్తారు, పలికేది మాత్రం కింది స్వరంతో 'క'. అందుకే ఘోడా (గుర్రం), కోఢా (కుష్ఠురోగి), కోడా (కొరడా) అని మూడు రకాలుగా రాసినవి చెవికి స్వరం తేడాతోనే విడిపోతాయి. రెండు లిపులూ ఈ పాత రాతనే నిలుపుకున్నాయి కనుక ఇక్కడ పేచీ లేదు.

పేచీ అచ్చుల దగ్గర. షాహ్‌ముఖిలో హ్రస్వాచ్చుల గుర్తులు, ద్విత్వం గుర్తు మామూలు రాతలో వదిలేస్తారు. పే, తే, అలిఫ్ అన్న మూడక్షరాలు పతా (చిరునామా) కావచ్చు, పత్తా (ఆకు) కావచ్చు, పితా (తండ్రి) కూడా కావచ్చు. గురుముఖిలో ఈ గొడవ లేదు. 'అద్దక్' అనే చిన్న నెలవంక గుర్తు అక్షరం నెత్తిన పడితే ఆ తరువాతి హల్లు రెట్టిస్తుంది. మన ఒత్తు కిందికి వస్తుంది, వారిది ముందే హెచ్చరిస్తుంది. గురుముఖి నుంచి షాహ్‌ముఖికి తిరుగు ప్రయాణంలో ఇబ్బంది మరోలా ఉంటుంది. గురుముఖిలో ఒకే 'స' ఉంటే అవతల సీన్, సుఆద్, సే అని మూడు. సడక్‌కు ఒకటి, సాహిబ్‌కు ఒకటి, సాబిత్‌కు ఇంకొకటి. 'జ' కింద చుక్క పెట్టి రాసే, ఇంగ్లీషు z లా పలికే అక్షరానికైతే నాలుగు.

పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయం లిపి మార్చే సాఫ్ట్‌వేర్ తయారు చేసింది, మెచ్చదగ్గ పని. అయితే యంత్రం పక్క మాటలు చూసి ఊహించాలి. మనుషుల పేర్ల దగ్గర, కవిత్వం దగ్గర ఆ ఊహ తప్పుతుంది. పాత ఫాంట్లలో కొట్టిన గురుముఖి పుస్తకాలది మరో తలనొప్పి. హ్రస్వ ఇకారం గుర్తు కంటికి హల్లుకు ముందు కనిపిస్తుంది, యూనికోడ్‌లో నిల్వయ్యేది హల్లు తరువాత. మార్పిడిలో ఆ క్రమం సరిచేయకపోతే గుర్తు పక్క అక్షరానికి అతుక్కుంటుంది. అను ఫాంట్ల ఫైళ్లు మార్చి విసిగిన తెలుగు ప్రచురణకర్తలకు ఈ బాధ చెప్పనక్కర్లేదు.

యంత్రం కోసం ఎదురుచూడకుండా చేయగల పనులున్నాయి. గురుముఖి మూలాక్షరాలు 35, అందుకే దానికి 'పైంతీ' అని పేరు. ఉర్దూ చదవగలిగిన పెద్దవారికి అవి కొన్ని వారాల పని. షాహ్‌ముఖి నేర్చుకోవడానికి అంతకంటే ఎక్కువ ఓపిక కావాలి, అక్షరం మాటలో చోటును బట్టి రూపు మారుస్తుంది కనుక. భారత పంజాబ్‌లో ఉన్నత పాఠశాల స్థాయిలో ఐచ్ఛికంగానైనా దాన్ని నేర్పాలని మేం కోరుతున్నాం. ఫరీద్, మరో సూఫీ కవి బుల్లే షా పద్యాలను ఎదురెదురు పుటల్లో రెండు లిపుల్లోనూ అచ్చువేయాలి. షాహ్‌ముఖి పుటలో అచ్చుల గుర్తులన్నీ పెట్టాలి. ఖర్చు పెరుగుతుందని వాటిని వదిలేస్తే కొత్తగా నేర్చుకునేవాడు మొదటి పాదంలోనే తండ్రిని ఆకు అని చదువుతాడు.